ఒక్క కంచం లెక్క

పట్టాలు అందుకున్న మిత్రులారా, ఏ మాటనైనా తూచి చూడటం చదువు మనకిచ్చే గుణం. ‘నేనొక్కణ్ణి మాంసం తగ్గిస్తే ప్రపంచంలో ఉత్పత్తి తగ్గుతుందా?’ అన్న ప్రశ్నను ఈ రోజు అలా తూచి చూద్దాం. 1961లో ప్రపంచ మాంసం ఉత్పత్తి సుమారు 7 కోట్ల టన్నులు. ఇప్పుడది 35 కోట్ల టన్నులు దాటింది. జనాభా రెండున్నర రెట్లు పెరిగితే మాంసం ఐదు రెట్లు పెరిగింది. దీని ముందు ఒక్క కంచం ఏపాటిదని అనిపించడం సహజం.

కానీ ఉత్పత్తి నడిచేది గిరాకీని బట్టే. చికెన్ షాపు యజమాని నిన్నటి అమ్మకం చూసుకుని ఇవాళ కోళ్లు తెప్పిస్తాడు. ఆ గిరాకీని చూసే కంపెనీలు తర్వాతి బ్యాచ్‌కి ఎన్ని కోడిపిల్లలు వేయాలో తేల్చుకుంటాయి. మీరు కొనని కిలోను చాలాసార్లు ఎవరూ గమనించరు. ఎప్పుడో ఒకసారి మాత్రం ఆ కిలోతోనే ఒక లోడు తగ్గుతుంది. సగటు తీస్తే ఫలితం సున్నా కాదు. అలాగని పూర్తి కిలో కూడా కాదు, ఎందుకంటే గిరాకీ తగ్గితే ధర తగ్గి మరొకరు ఎక్కువ కొంటారు. అమెరికా వ్యవసాయ ఆర్థికవేత్తలు నార్వుడ్, లస్క్ 2011లో ఇచ్చిన అంచనా ప్రకారం, ఒకరు ఒక పౌండు గొడ్డుమాంసం మానేస్తే ఉత్పత్తి 0.68 పౌండు తగ్గుతుంది, కోడిమాంసమైతే 0.76. కొంత జారిపోయినా ఎక్కువ భాగం నిలుస్తుంది.

చాలామంది కలిసి తగ్గిస్తే ఏమవుతుందో చూడండి: జర్మనీలో 2018లో సుమారు 61 కిలోలున్న తలసరి మాంస వినియోగం 2023 నాటికి సుమారు 52 కిలోలకు దిగింది. పందిమాంసం ఉత్పత్తీ పడిపోయింది. 2020లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల వ్యాధి వల్ల చైనాకు ఎగుమతులు ఆగిపోవడం కూడా అందుకు ఒక కారణమే. ప్రపంచ ఉత్పత్తి మాత్రం పెరుగుతూనే ఉంది కదా అని ఆక్షేపించవచ్చు. నిజమే, కానీ జర్మన్లు తగ్గించకపోయి ఉంటే ఇంకా పెరిగేది.

ఇక మన సంగతికొస్తే, 2014 నాటి భారత ప్రభుత్వ నమూనా నమోదు సర్వేలో తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. కనుక నా మాట శుద్ధి, మైల గురించి కాదు. పేదింటి బిడ్డ గుడ్డును తగ్గించమనీ కాదు. ఎంచుకునే వీలున్నవారి గురించే. ఒక్కరి ఎంపిక చిన్నదే గానీ, అది హాస్టల్ మెస్‌లో, ఆఫీసు క్యాంటీన్‌లో, పెళ్లి విందులో మెనూగా మారితే వందల కంచాలవుతుంది. రేపు ఆ మెనూలు నిర్ణయించేది మీరే. మీ కంచంతో మొదలుపెట్టండి, అక్కడే ఆగకండి.