పరీక్ష దాకా తీసుకెళ్లేదెవరు?



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పల్లెటూళ్ల తెలివైన పిల్లలకు తిండి, బస, చదువు ఒకేచోట ఇవ్వాలని 1971లో సర్వేల్‌లో గురుకులం పెట్టారు. మరుసటి ఏడాదే మన గుంటూరు జిల్లా తాడికొండలో ఇంకోటి వచ్చింది. ప్రవేశ పరీక్ష రాసి గెలిచినోళ్లకే సీటు. మంచి పద్ధతే. కానీ పరీక్ష దాకా రాలేని పిల్ల తెలివిని ఎవరు కొలుస్తారు?

గురుకులాలకు దరఖాస్తులు పిలిచేది ఎండాకాలం మొదట్లో. మిరప కోతలు సాగేదీ అప్పుడే. అమ్మానాన్న కోతలకు వలసపోతే పిల్లలూ వెంటే. కాయ కోసే అమ్మ పక్కన కూలి లెక్కలు నోటితో చెప్పేసే యానాది పిల్లను, సుగాలి పిల్లాణ్ణి మీరూ చూసే ఉంటారు. ఆ పిల్లకు పరీక్ష ఉందన్న కబురే అందదు. అందినా కుల ధృవపత్రం ఉండదు.

కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి 13 ఏళ్లు. ఆ కొండకన్నా ముందు ఆమెకు గురుకులం గేటు తెరుచుకుంది.

అందుకే అడుగుతున్నా. సీట్లలో మన 6 శాతం కోసం కొట్లాడదాం, సరే. దాంతోపాటు మీలో ఒక్కొక్కరూ ఒక్క బిడ్డ బాధ్యత తీసుకోండి. కోతలకు పోకముందే ధృవపత్రం తీయించండి. దరఖాస్తు పెట్టించండి. పరీక్షనాడు పొలం దగ్గరికెళ్లి, బస్సెక్కించి, మీరే తీసుకెళ్లండి.

తెలివి మన పిల్లల దగ్గరుంది. దారిఖర్చు, తోడు మనం ఇద్దాం.

జై ఆదివాసీ!