అమ్మమ్మ విమానం ఎక్కాక

మన ఇళ్ళలో తరచూ జరిగేదే చెబుతాను. ఆరు నెలలు పసిపాపను సాకి అమ్మమ్మ ఇండియా వెళ్ళిపోతుంది. పాప రెండు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. "అలవాటు పడిందిలెండి" అంటాం. ఆ మాట మీద నాకు అంత నమ్మకం లేదు.

1952లో ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ ఒక చిన్న సినిమా తీశారు. లారా అనే రెండేళ్ళ పాప ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. తల్లులు పిల్లల పక్కన ఉండే వీలు లేని రోజులవి. ఆ పాప పెద్దగా ఏడవలేదు. కానీ చివరి రోజు ఇంటికి వెళ్తూ అమ్మ చెయ్యి పట్టుకోలేదు! ఇలాంటి పిల్లల్లో మొదట ఏడుపు, తర్వాత దిగులు, ఆఖరికి పట్టనట్టుండటం రాబర్ట్‌సన్ గమనించారు. ఈ మూడోదాన్ని చూసే నర్సులు "బుద్ధిగా ఉంది" అనుకునేవారట.

ఇక్కడ తల్లి ఇంట్లోనే ఉంది కదా అంటారు. నిజమే, అందుకే దెబ్బ తేలిక. కానీ పగలంతా ఎత్తుకున్నదెవరు?

ప్రయాణానికి కొన్ని వారాల ముందే స్నానం, జోకొట్టడం మీరు అందుకోండి. పాప నిద్రలో ఉండగా కాక, చెప్పే వెళ్ళమనండి. ఆవిడ పాత చీర ఒకటి ఉతక్కుండా అట్టే పెట్టుకోండి. వీడియోలో అమ్మమ్మను చూసి ఏడిస్తే ఫోను కట్టెయ్యకండి, పాపను ఒళ్ళోకి తీసుకోండి.