డ్రాగన్ల పేక



మన సంఘ కార్యదర్శిగారు నన్ను ఏదేని సాహిత్య విషయముపై ప్రసంగింపుమని కోరిరి. నేను పేకను గూర్చి మాటాడెదనంటిని. వారు కొంచెము తటపటాయించి, "సభ్యులు కుటుంబములతో వచ్చెదరు సుమా" అని హెచ్చరించిరి. కుటుంబములతో వచ్చువారికే చెప్పవలసిన సంగతి గనుక సాహసించుచున్నాను.

శ్రీకాకుళము జిల్లాలో మా పినతండ్రి ఒకరు పేకాటలో రెండెకరముల మాగాణి పోగొట్టుకొనిరి. నాటినుండి మా యింట పేకముక్క అడుగు పెట్టలేదు. గత వర్షకాలమున ఒక సాయంకాలము కార్యాలయమునుండి గోల్ ఘర్‌లోని మా వాటాకు వచ్చుసరికి, పండ్రెండేండ్ల మా అబ్బాయి వసారాలో తోటివానితో ముక్కలు పరచుకొని కూర్చుండెను. నేనేమియు అడుగలేదు. అన్నియు ప్రోగుచేసి వానలోనికి విసరివైచితిని. వాడు ఏడ్వలేదు. కాలువలో దిగి, దొరికినవి ఏరుకొనివచ్చి, తువాలుతో అద్ది చాపపై ఆరబెట్టెను. 40 ముక్కలలో 31 దొరకినవి. మా యావిడ రెండు దినములు నాతో మాటాడలేదు. మూడవనాడు మాత్రము, "అందులో పందెమున్నదా అని ఒక్కమాట అడిగినచో మీ సొమ్మేమి పోయెను?" అన్నది.

అడిగితిని. పందెము లేదట. ఆ యాట పేరు యూ-గి-ఓ. కజుకి తకహాషి అను జపాను చిత్రకథకుడు 1996లో ఆరంభించిన బొమ్మలకథనుండి పుట్టినది. 1999లో కొనామి సంస్థ దానిని ముక్కల ఆటగా వెలువరించెను. మన రమ్మీలో పేక అందరికిని ఒక్కటే. వచ్చిన ముక్క అదృష్టము. ఇందులో ఎవరి పేక వారిదే. వేలకొలది ముక్కలలో నుండి 40కి తగ్గకుండ, 60కి మించకుండ ఏర్చి కూర్చుకొనవలెను. ఒకే పేరుగల ముక్క మూడింటికి మించరాదు. కాబట్టి ఆటలో సగము, ఆటకు కూర్చుండకముందే జరిగిపోవును.

బొమ్మల ముక్కలు మనకు క్రొత్తవి కావు. దశావతార గంజిఫాలో గుండ్రని ముక్కలు 120. అవతారమునకు పండ్రెండు చొప్పున, రాజు, మంత్రి, ఒకటి మొదలు పదివరకు అంకెలు. కర్నూలు సీమలోని నొస్సము ఆ ముక్కలకు పేరుపొందినది. మావాని ముక్కలపై అవతారములకు మారు డ్రాగన్లు, అనగా రెక్కలుగల మహాసర్పములు. అంతే భేదము.

చేసిన తప్పు దిద్దుకొనుటకై, పోయిన ముక్కలకు క్రొత్తవి తెప్పించెదనని మాట యిచ్చి, వానితో కూర్చుండి పేక పరిశీలించితిని. ఆడిట్ లెక్కలు చూచిన కన్ను గదా, లోపము వెంటనే కనబడెను. ఆ 40లో పెద్ద డ్రాగన్లే 14! వానిలో మేటి నీలికన్నుల తెల్ల డ్రాగన్; దాని బలము 3000. కాని అది ఎనిమిదవ శ్రేణిది. ఏడును అంతకు మించిన శ్రేణిదానిని సామాన్యముగా దింపవలెనన్న, ముందుగా బల్లపైనున్న రెండు జీవులను బలియీయవలెను. సామాన్యముగా దింపుట ఒక వంతున ఒక్కటే. చేతిలో పెద్దవే నిండినచో, ఎదుటివాడు చిన్నవానితో కొట్టుచుండ మనము చేతులు ముడుచుకొని చూడవలసినదే. అధికారులే గాని గుమాస్తాలు లేని కార్యాలయము వంటిది.

"తగ్గింపుము" అంటిని. "ఏది తీసివేయను? అన్నియు మంచివే" అనెను. ఆ చిక్కు వారము దినములు నడచినది. కడకు కాగితముపై లెక్క వేసితిమి. మూడు ప్రతులున్న ముక్క, 40 ముక్కల పేకలో, మొదటి అయిదింటిలో కనీసమొకటి వచ్చుటకు నూటికి 34 పాళ్లు అవకాశము. పేకను 60కి పెంచినచో 23కి దిగిపోవును. ఇష్టమని చేర్చిన ప్రతి ముక్కయు, ఇష్టమైనదానినే దూరము చేయుచున్నదన్నమాట. ఇది చూచి వాడే ఎనిమిది డ్రాగన్లను ప్రక్కన పెట్టెను.

మిగిలిన ఆరింటికి పరిచారకులను కూర్చితిమి. చేతిలోని నీలికన్నులదానిని చూపినంతనే, బలి లేకయే దిగివచ్చు దాని మారురూపు మూడు. ఎనిమిదవ శ్రేణిదానిని పారవేసి రెండు ముక్కలు తీసికొను 'ట్రేడ్-ఇన్' మూడు. దీనితో చేతిలో బరువైయున్న డ్రాగనే పెట్టుబడి యగును! ఒక ముక్కను వదలుకొని రెండు మహా డ్రాగన్లను పేకనుండి రప్పించు గీతము మూడు. సొంతబలము సున్న యైనను, దింపినంతనే సహాయకుని పిలుచుకొనివచ్చు నీలికన్నుల ఋషి మూడు. 2016లో అమెరికాలోని ఓర్లాండోలో జరిగిన ప్రపంచపోటీలో గెలిచినది నీలికన్నుల పేకయే యని తెలిసి, మావాని ఉత్సాహమునకు మేర లేకపోయెను.

చెన్నై నుండి రావలసిన పొట్లము ఆలస్యముగా వచ్చినది. ద్వీపములలో నున్నవారికి ఆ మాట విస్తరించి చెప్పనక్కరలేదు. పేక నిండినది. అయితే ఒక సంగతి నేనప్పటికిని ఎరుగను. కాలువలో దొరకిన నీలికన్నుల డ్రాగన్లలో ఒకటి, తండ్రికి బదిలీ యై ఓడ యెక్కిన స్నేహితుడు వీడ్కోలుగా మావానికిచ్చినదట. బదులుగా వీడును తనకున్నవానిలో మంచిదే యిచ్చెనట. అది నీటికి ఉబ్బి అంచులు వంకరపోయినది. వెనుకనుండి గుర్తుపట్టదగిన ముక్కను పోటీలో వాడరాదని నియమము. వాడు దానిని చాలసేపు చేతిలో త్రిప్పి చూచి, క్రొత్తదానిని పేకలో నుంచి, పాతదానిని తన లెక్కల పుస్తకములో దాచెను. నన్నొక్కమాట అనలేదు. అనినయెడల బాగుండెడిది.

ఇప్పుడు ఆదివారములందు మా వసారాలో ఆరుగురు పిల్లలు ఆడుచున్నారు. వారిలో ఇద్దరు ఆడపిల్లలు. 8000 పాయింట్లనుండి సున్నవరకు కూడికలు తీసివేతలు నోటితోనే చేయుదురు. ముక్కల మార్పిడికి మాత్రము మేమొక కట్టడి పెట్టితిమి: ఇరువురి పెద్దలకు తెలిసి జరుగవలెను, మరునాటి సాయంత్రమువరకు మనసు మార్చుకొనవచ్చును. నేనును చిన్న పేక యొకటి కూర్చుకొంటిని. ఇంతవరకు ఒక్క ఆటయు గెలువలేదు. పెద్ద డ్రాగన్లను తీసివేయుటకు నాకును చేతులాడుట లేదు.