పక్కనున్నవన్నీ చుట్టాలు కావు



బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో క్రషింగ్ జోరుగా సాగిన రోజుల్లో చెరకు రైతుల రిజిస్టరు ఫ్యాక్టరీలో ఉండేది, పహాణీ పట్వారీ దగ్గర ఉండేది. రెండింట్లోనూ గంగారాం కనబడతాడు. ఇద్దరూ ఒక్కడేనా? ఇందూరు జిల్లాలో ఊరికి ఎంతమంది గంగారాములుంటారో ఈ సభకు చెప్పనక్కర్లేదు. సర్వే నంబరు చూడాలి, తండ్రి పేరు చూడాలి. మసక మూలాల రేడియో జాబితాను ఎక్స్‌రే జాబితాతో పోల్చే ఖగోళజ్ఞులదీ ఇదే తంటా. పైగా అక్కడ తండ్రి పేరుండదు.

ఈ కథలో హైదరాబాద్‌కూ చోటుంది. ఎక్స్‌రేలను వాతావరణం మింగేస్తుంది కాబట్టి నేల మీంచి వాటిని చూడలేం. 1962 జూన్‌లో అమెరికాలో జియకోని బృందం రాకెట్ పంపితే వృశ్చిక రాశిలో స్కో ఎక్స్-1 అనే ఎక్స్‌రే మూలం బయటపడింది. 1968 ఏప్రిల్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు హైదరాబాద్ నుంచి బెలూన్‌కు పరికరం కట్టి ఎగరేసి, అదే మూలాన్ని గమనించారు. దాన్నుంచి రేడియో తరంగాలు వస్తున్నాయని తేలిందీ ఆ ఏడాదే. 1971 నాటికి దానికి అటొకటి, ఇటొకటి రేడియో చుక్కలు కనబడ్డాయి. నడుమ ఎక్స్‌రే మూలం, ఇరుపక్కలా రెక్కలు. చూడగానే ఒకే కుటుంబమనిపించే పొందిక!

ఏళ్ల తరబడి కొలిచాక, 1991లో ఖగోళజ్ఞులు ఫోమలాంట్, గెల్డ్‌జాలర్ అసలు సంగతి చెప్పారు. నడిమిది ఆకాశంలో మెల్లగా జరుగుతోంది, పక్కవి కదలడం లేదు. అవి ఎక్కడో దూరాన ఉన్న పరాయివి.

అంత ప్రకాశమైన మూలానికే ఇరవై ఏళ్లు పడితే మసకవాటి మాటేమిటి? చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు దక్షిణాకాశంలో చందమామకంటే చిన్న తునకను మొత్తం 70 లక్షల సెకన్లు, అంటే 81 రోజులు చూసి, 1008 మూలాలను పట్టింది. వాటిలో అత్యధికం గెలాక్సీల నడిబొడ్డున మేత మేస్తున్న కృష్ణబిలాలు. అదే దిక్కున న్యూమెక్సికోలోని వీఎల్ఏ టెలిస్కోపు తీసిన రేడియో జాబితాలోనేమో, కాంతి తగ్గేకొద్దీ నక్షత్రాలు పుడుతున్న మామూలు గెలాక్సీల వాటా పెరుగుతుంది.

కాబట్టి కలిసిన జోడీలకంటే కలవనివే ఎక్కువ ఆసక్తికరం. రేడియోలో ఉండి ఎక్స్‌రేలో లేనిది నక్షత్రాల గెలాక్సీ కావచ్చు. దట్టమైన వాయువు చాటున దాగిన కృష్ణబిలమూ కావచ్చు. ఆ తెరను రేడియో తరంగాలు దాటతాయి, ఎక్స్‌రేలు చిక్కుకుంటాయి. పరారుణ చిత్రం, దూరం తెలిస్తే తప్ప తీర్పు చెప్పకూడదు.

ఈ జాబితాల పోలికకు సొంత టెలిస్కోపు అక్కర్లేదు. పుణె దగ్గరి ఖోడద్‌లో 45 మీటర్ల యాంటెన్నాలు 30 కలిసి 150 మెగాహెర్ట్జ్‌లో చేసిన సర్వే జాబితా అందరికీ ఉచితం. చంద్ర జాబితా కూడా అంతే. డిచ్‌పల్లి, బోధన్ విద్యార్థులు ఒక కంప్యూటర్‌తో పని మొదలుపెట్టవచ్చు. రెండు జాబితాలనూ కలిపాక, ఒకదాన్ని మొత్తంగా కొద్దిగా పక్కకు జరిపి మళ్లీ కలపాలి. అప్పుడు దొరికే జోడీలు దాదాపు అన్నీ కాకతాళీయాలే. ఆ సంఖ్యను మొదటి లెక్కలోంచి తీసేయని పత్రాన్ని ఈ సభ చర్చకు తీసుకోకపోతే మంచిది.