శుకజ్వరము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



దేహబలము గలవానికి శ్వాసకోశవ్యాధి రాదని మనలో పెక్కండ్రు నమ్ముదురు. ఇది సర్వదా సత్యము కాదు. ఆరోగ్యవంతులకును సోకు అరుదైన వ్యాధి యొకటి కలదు. పాశ్చాత్యవైద్యులు దానిని సిట్టకోసిస్ అందురు. ఆ పేరు చిలుకను దెల్పు గ్రీకుపదమునుండి పుట్టినది. కావున మనము శుకజ్వరమనవచ్చును.

1879లో స్విట్జర్లాండు దేశమున రిట్టరు అను వైద్యుడు, తన సోదరుని యింట ఏడుగురికి జ్వరము సోకి ముగ్గురు మరణింపగా, పంజరపక్షులే కారణమని యూహించెను. 1929-30 సంవత్సరములలో ఈ వ్యాధి పెక్కుదేశములకు వ్యాపించెను. 1930 జనవరిలో అమెరికా ప్రభుత్వము చిలుకల దిగుమతిని నిషేధించెను. అచ్చట దీనిని శోధించుచున్న ప్రయోగశాలలోనివారికే వ్యాధి సోకి, ఒకరు ప్రాణము కోల్పోయిరి.

వ్యాధిగ్రస్తమైన పక్షి యొక్కొకప్పుడు ఆరోగ్యముగనే కనుపట్టును. దాని రెట్ట యెండి, ధూళియై, మన యూపిరితో లోనికి బోవును. చిలుకలే కాదు, పావురములు, బాతులు, టర్కీకోళ్లు కూడ దీనిని మోయగలవు. సాధారణముగా 5 మొదలు 14 దినములలో జ్వరము, తీవ్రమైన తలనొప్పి, కండరములనొప్పులు, పొడిదగ్గు కలుగును. పిదప న్యుమోనియాగా ముదురవచ్చును.

ఈ సూక్ష్మజీవి మన జీవకణముల లోపలనే దాగి వృద్ధిపొందును. పెన్సిలిన్ జాతి మందులు దీనిపై చక్కగా పనిచేయవు, డాక్సీసైక్లిన్ పనిచేయును. ఇట్టి యౌషధములు లేని కాలమున నూరుగురు రోగులలో 15 మొదలు 20 మంది మరణించుచుండిరి. నేడు సకాలచికిత్సవలన మరణము మిక్కిలి యరుదు.

అయినను చిక్కొకటి కలదు. వైద్యుడు పక్షుల సంగతి యడుగడు; రోగి చెప్పడు. అంతట తగని మందుతో దినములు గడచిపోవును. కావున జ్వరముతో వైద్యుని కడకేగునపుడు, ఇంట పక్షులున్నచో ఆ మాట ముందుగా చెప్పుడు. పంజరమును పొడిగా నూడ్వక, నీటితో తడిపి, ముక్కునకును నోటికిని మంచి ముసుగు ధరించి శుభ్రపరుపుడు. ఆ పని చేయువారికి ఈ జాగ్రత్త ముఖ్యముగా దెలుపవలయును. మన దేశపు రామచిలుకలను బంధించి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమువలన నేరము కూడ. చెట్టుమీది చిలుకను చూచి యానందించుటయే మేలు.

రోగకారణమును వర్జించుటయే చికిత్సలో ప్రథమసోపానమని మన యాయుర్వేదము బోధించుచున్నది. ఈ యల్పవిషయమును ప్రతి కుటుంబమునకు దెలుపుడని ప్రార్థించుచు విరమించుచున్నాను. మీకెల్లరకు ఆయురారోగ్యములు కలుగుగాక!