వెటర్నరీ సీటు కోసం ఏడాది మాస్టర్స్ చెయ్యాలా?

మన పాలకొల్లు నుంచి బీఎస్సీ జువాలజీ చదివిన చెల్లి అడిగింది: "అన్నయ్యా, ఏడాది మాస్టర్స్ చేస్తే వెటర్నరీ సీటు వస్తుందా?"

మన దగ్గర రాదమ్మా. గన్నవరమైనా, తిరుపతైనా బీవీఎస్సీకి చూసేది నీట్ ర్యాంకే. పైగా ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల కోర్సు. ఆ ఏడాదేదో నీట్‌కి చదువు.

అమెరికా లెక్క వేరు. అక్కడ డీవీఎం 4 ఏళ్లు, అదీ కాలేజీలో సైన్స్ సబ్జెక్టులు చదివాకే. డిగ్రీ మార్కులు తగ్గినవాళ్లకి మాస్టర్స్ కొంత సాయపడొచ్చు. కానీ ఆ మార్కుల్ని అన్ని కాలేజీలూ ఒకేలా లెక్కేయవు. అందుకే లోను గురించి నాన్నని అడిగేముందు ఆ కాలేజీకే మెయిల్ పెట్టు: "మాస్టర్స్ మార్కులు ఎలా చూస్తారు?" అని.

ఈలోపు ఊళ్లో పశువుల ఆసుపత్రికి వెళ్లి, డాక్టరుగారినడిగి పని నేర్చుకో. అప్లికేషన్‌లో ఆ అనుభవం కూడా చూస్తారు. దానికి ఫీజు లేదు!