దక్షిణ ధ్రువం దగ్గర ఒక ఉత్తరం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి నాకు ముందు మాట్లాడిన వారు చెప్పవలసినదంతా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు వేరే ఏదైనా మాట్లాడమన్నారు. ఆర్.ఎం.ఎస్.లో ముప్పయ్యొక్క ఏళ్లు ఉత్తరాలు సార్టింగు చేసినవాణ్ణి. నాకు తెలిసినవన్నీ ఉత్తరాల సంగతులే.

1911 డిసెంబరు 14న నార్వే దేశస్థుడు అముండ్‌సెన్ మరి నలుగురితో దక్షిణ ధ్రువం చేరాడు. మనుషులు అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. అక్కడ కొండా లేదు, గుట్టా లేదు. సముద్ర మట్టానికి 2,800 మీటర్ల ఎత్తున చదునైన మంచు, అంతే. ఎటు తిరిగి నిలబడినా ఎదురుగా ఉండేది ఉత్తర దిక్కే. మన పిన్‌కోడు అక్కడేం పనిచేస్తుంది? ఆయన చిన్న గుడారం వేసి, అందులో తమ రాజు హాకోన్‌కు ఒక ఉత్తరం రాసి పెట్టాడు. దానితోపాటు ఒక చీటీ. వెనకాల వస్తున్న బ్రిటిష్ నౌకాదళ అధికారి కెప్టెన్ స్కాట్ పేర, ఈ ఉత్తరం మా రాజుగారికి చేర్పించమని. తిరుగుదారిలో తాము పోతే కబురు అందాలి గదా!

స్కాట్ బృందం ధ్రువం చేరింది జనవరి 17న. మరునాడు గుడారం కనబడింది. తనను ఓడించినవాడి ఉత్తరం మోయమంటే ఎవరికి మనసొప్పుతుంది? అక్కడే వదిలేస్తే అడిగే నాథుడు లేడు. స్కాట్ దాన్ని తీసుకుని తన వెంట పెట్టుకున్నాడు.

తిరుగుదారి సుమారు 1,300 కిలోమీటర్లు, బండ్లు మనుషులే లాగాలి. ఐదుగురిలో ఇవాన్స్ ఫిబ్రవరిలో పోయాడు. మార్చి మధ్యలో ఓట్స్, కాళ్లు చెడి, తనవల్ల తక్కినవారు చావకూడదని మంచు తుఫానులోకి నడిచి వెళ్లిపోయాడు. స్కాట్, విల్సన్, బోయర్స్ నెలాఖరుకు గుడారంలోనే ప్రాణాలు విడిచారు. ఆహారం దాచిన చోటు ఇంకా ఇంచుమించు 20 కిలోమీటర్లే. నవంబరు 12న వెతకవచ్చినవారికి దినచర్య పుస్తకాలు, ఇళ్లకు రాసిన ఉత్తరాలు, పదహారు కిలోల రాళ్ల నమూనాలు, వాటితో ఈ ఉత్తరమూ దొరికాయి.

నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. మార్చి 7న అముండ్‌సెన్ హోబార్ట్ రేవు నుంచి తంతి కొట్టి గెలుపు కబురు లోకానికి చెప్పేశాడు. అప్పటికి స్కాట్ ఇంకా నడుస్తున్నాడు. ఆ ఉత్తరంతో ఇక పని లేదని ఆయనకు చెప్పేదెవరు?

నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పాలి. 1974లో గళ్ల బీరువా వెనక జారిపడిన ఒక ఇంటర్వ్యూ కార్డు నాకు దొరికింది. ఆ గళ్లలో వేసింది నేనే. నేనే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను. తేదీ దాటి నెల అయింది. ఆ కుర్రవాడు నన్నొక్క మాట అనలేదు. చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అంటార్కిటికాలో మన దేశం దక్షిణ గంగోత్రి కేంద్రాన్ని కట్టాక, 1988లో అక్కడ మన తపాలా కార్యాలయమూ వచ్చింది, గోవా డివిజను కింద. జి. సుధాకర్ రావు అనే శాస్త్రవేత్త గౌరవ పోస్టుమాస్టరు. మొదటి ఏడాది దాదాపు పదివేల ఉత్తరాలకు ముద్ర పడింది. కేంద్రం మంచులో కూరుకుపోతుంటే ఆఫీసును మైత్రికి మార్చారు. ఆ సంచి గోవాలో విప్పి సార్టింగు చేసినవారెవరో గాని, వారిమీద నాకు కాస్త అసూయగానే ఉంది.

సెలవు.